రోడ్డు మీద తోలేదాన్ని రేసు అనకండి

సంపాదకులు గారికి నమస్కారం.

అర్ధరాత్రి దాటాక రింగు రోడ్డు మీద కార్లతో పోటీలు పడే కుర్రాళ్ళ గురించి మీ పత్రికలో తరచుగా వార్తలు చదువుతున్నాను. ప్రతిసారీ శీర్షికలో ‘రేసు’ అనే రాస్తున్నారు. నేను ముప్పై నాలుగేళ్ళు ఆర్టీసీ డిపో గ్యారేజీలో పనిచేసి రిటైరైన మెకానిక్‌ని. ఆ మాట మీద నాకు అభ్యంతరం ఉంది. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కూడా దాన్ని రేసు అనే అంటుందని, మొదటిసారి పట్టుబడితే మూడు నెలల దాకా జైలు గాని, ఐదు వేల దాకా జరిమానా గాని, రెండూ గాని వేయవచ్చని వకీలు పని చేసే మా అల్లుడు చెప్పాడు. చట్టం ఏమన్నా నా అభ్యంతరం నాకుంది. ఎందుకంటే నిరుడు చలికాలంలో నేను అసలు రేసు చూశాను. చూడడం ఏమిటి, దాని కోసం ఆరు వారాలు మోచేతుల దాకా గ్రీజు పూసుకున్నాను.

మా అబ్బాయి హ్యూస్టన్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. నేనూ మా ఆవిడా అక్కడ దిగేసరికి కోడలి కారు బయట ఎండలో ఉంది. గ్యారేజీ లోపల, నాలుగు స్టాండ్ల మీద, చక్రాలు లేని డొక్కు బండి ఒకటి ఉంది. 1994 నాటి హోండా సివిక్. 1.5 లీటర్ల ఇంజను, కొత్తలో 102 హార్స్ పవర్. ఇంజను వేడెక్కి, దాని పైమూత (హెడ్) కింద ఉండే గ్యాస్కెట్ పోతే ఎవరో నాలుగు వందల డాలర్లకు వదిలించుకున్నారు. ‘ఇది రేసు కారు నాన్నా’ అన్నాడు. నేను మా ఆవిడ వంక చూశాను. ఆవిడ పచ్చడి సీసాలు పగిలాయేమోనని పెట్టె వంక చూస్తోంది.

సంగతి ఏమిటంటే, ఫ్రాన్సులో లే మాన్ అనే ఊళ్ళో 1923 నుంచి ఇరవై నాలుగు గంటల కార్ల పోటీ జరుగుతోంది. అక్కడ తిరిగేవి కోట్ల ఖరీదు చేసే బండ్లు. దాన్ని వెక్కిరిస్తూ 2006లో కాలిఫోర్నియాలో జే ల్యామ్ అనే ఆయన ‘24 అవర్స్ ఆఫ్ లెమన్స్’ అని డొక్కు కార్ల పోటీ మొదలుపెట్టాడు. అమెరికాలో పనికిమాలిన కారును నిమ్మకాయ అంటారు. మనం కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం, వాళ్ళు బండినే నిమ్మకాయ అంటారు! పేరులో ఇరవై నాలుగు గంటలున్నా చాలాచోట్ల శని, ఆదివారాలు పగటిపూట మాత్రమే నడుపుతారు. ఒక్కో బండిని నలుగురైదుగురు వంతులవారీగా తోలుతారు. నియమం ఏమిటంటే బండికీ, దాన్ని పరుగెత్తించే సామానుకూ కలిపి ఐదు వందల డాలర్లు మించకూడదు. బ్రేకులు, చక్రాలు, టైర్లు, డ్రైవరు ప్రాణం కాపాడే సామాను మాత్రం ఆ లెక్కలోకి రావు.

ఆ మినహాయింపు నాకు మొదట బుర్రకెక్కలేదు. మా అబ్బాయి ఖర్చుల పుస్తకం చూశాక ఎక్కింది. బండి నాలుగు వందలు. లోపల నిలబెట్టిన ఇనుప పంజరం రెండు వేల ఎనిమిది వందలు! ఒకటిన్నర అంగుళం గొట్టాలు, తలుపుల పొడవునా, నెత్తి మీదుగా, వెనక్కి, అడుగున పలకలు వేసి వెల్డింగు చేశారు. నేను ప్రతి అతుకు చుట్టూ వేలు పెట్టి చూశాను. పైకప్పు వైపు, చెయ్యి దూరని చోట కూడా వెల్డింగు పూర్తిగా తిరిగి ఉంది. కప్పు కింద అతుకు సగంలో వదిలేస్తే తనిఖీలో బండిని వెనక్కి పంపేస్తారట. ఆపైన వీపును పట్టి ఉంచే సీటు, భుజాలకూ తొడలకూ బెల్టులు, మంటలు ఆర్పే సిలిండరు, బయటి నుంచి కూడా కరెంటు కట్ చేసే స్విచ్చి, నిప్పంటుకోని దుస్తులు, గుద్దుకున్నప్పుడు మెడ విరగకుండా హెల్మెట్‌కు తగిలించే పట్టీ. మందుబిళ్ళలకు ఉన్నట్టే ఆ బెల్టులకూ తేదీ ఉంటుంది. తేదీ దాటితే ఎంత కొత్తగా కనిపించినా పనికిరావు.

ఇక బండి పని. లోపలి సీట్లు, తివాచీ, ఏసీ అన్నీ పీకేశారు. నేల మీద చప్పుడు రాకుండా కంపెనీవాళ్ళు అతికించిన తారు పలకలు మాత్రం ఊడిరావు. దానికి మా అబ్బాయి జట్టువాళ్ళు చేసే పని చూసి ముచ్చటేసింది. డ్రై ఐస్ ముక్కలు పరిచి పది నిమిషాలు ఆగి సుత్తితో కొడితే తారు పెంకులు పెంకులుగా లేచి వస్తుంది. ఈ కిటుకు మా డిపోలో తెలిసుంటే ఎన్ని చలికాలాలు ఉలి పట్టుకుని కూర్చునేవాళ్ళం కామో.

హెడ్ నా చేతికి ఇచ్చారు. సూటి బద్ద పెట్టి, సందు కొలిచే ఫీలర్ గేజి దూర్చి చూస్తే రెండు, మూడు సిలిండర్ల మధ్య వంగి ఉంది. లేత్ షాపుకు పంపి చదును చేయించాం. గాలి లోపలికీ, పొగ బయటికీ వదిలే పదహారు వాల్వులు నేనే గ్రైండింగ్ చేశాను. మెషీను ఉందన్నారు, వద్దన్నాను. కర్ర చివర రబ్బరు గిన్నె, వాల్వు అంచుకు పేస్టు, రెండు అరచేతుల మధ్య పెట్టి మజ్జిగ చిలికినట్టు తిప్పాలి. మొదట గరగర వినిపిస్తుంది. గరగర పోయి జారుడు మొదలైతే ఆగాలి. తుడిచి చూస్తే అంచు చుట్టూ బూడిదరంగు వలయం తెగకుండా కనిపించాలి. తర్వాత వాల్వు బిగించి పైనుంచి కిరోసిన్ పోసి, కాఫీ తాగి వచ్చి చూస్తే కింద చెమ్మ ఉండకూడదు. పదకొండో వాల్వు చెమర్చింది. మళ్ళీ విప్పాను.

థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కేదాకా నీళ్ళు రేడియేటర్‌కు పోకుండా ఆపే మూత) దగ్గర మా అబ్బాయికీ నాకూ గొడవైంది. వేడెక్కే ఇంజనుకు ముందు థర్మోస్టాట్ పీకి పారేయడం మన మెకానిక్కులందరికీ అలవాటు. నేనూ కొన్ని వందలు పీకి ఉంటాను. ‘పీకితే పొద్దున చల్లటి ఇంజను త్వరగా వేడెక్కదు, ఆయిల్ చిక్కగానే ఉంటుంది, అరుగుదల ఎక్కువ నాన్నా. మన జబ్బు రేడియేటర్‌ది’ అన్నాడు. పాత రేడియేటర్ కోసి చూపించాడు. గొట్టాల్లో సగం సున్నంతో పూడిపోయి ఉన్నాయి. కొత్త రేడియేటర్ వేసి, థర్మోస్టాట్ అలాగే ఉంచాం. రెండు రోజులూ వేడి ముల్లు సగం దాటలేదు. ముప్పై నాలుగేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి, నేను తప్పు. రాసిస్తున్నాను.

ఆయిల్ విషయం కూడా చెప్పాలి. రోడ్డు మీద మలుపు రెండు సెకన్లలో అయిపోతుంది. ట్రాక్ మీద పొడవాటి మలుపులో ఆయిలంతా ఇంజను అడుగున ఉండే చాంబర్‌లో ఒక పక్కకు పోతుంది. పంపు గాలి పీలుస్తుంది, బేరింగులు ఎండిపోతాయి. అందుకని చాంబర్ లోపల రేకు అడ్డాలు వెల్డింగు చేశారు. ఆయిల్ ప్రెషర్ పడిపోతే వెలగడానికి డ్రైవరు కళ్ళెదుటే నిమ్మకాయంత ఎర్ర బల్బు పెట్టారు. బ్రేకులకు ముందు బంపర్ నుంచి చక్రాల దాకా మూడంగుళాల గొట్టాలు వేసి గాలి తోలారు. బ్రేక్ ఆయిల్ కొత్తదైనా మామూలు రకం 205 డిగ్రీల దగ్గర మరుగుతుంది. చెమ్మ పీల్చిన పాతదైతే ఇంకా ముందే మరిగి, పెడల్ నేలకు అంటుకుంటుంది. మా బస్సులవి గాలి బ్రేకులు, ఆ జబ్బు వేరు. అయినా ఘాట్ రోడ్డు దిగే డ్రైవరు కింది గేరులో ఎందుకు దిగుతాడో తెలిసిన నాకు దీన్ని విడమరిచి చెప్పనక్కరలేకపోయింది.

నా వంతుగా నేను చేసింది రెండు పనులు. బిగించిన ప్రతి నట్టు మీదుగా బోల్టు దాకా పసుపు పెయింటు గీత గీశాను. గీత విరిగిందంటే నట్టు కదిలిందన్నమాట, చీకట్లో టార్చి వేసినా తెలుస్తుంది. రెండోది, ముందు చక్రానికి స్పేర్ నకిల్, అంటే చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఇనుప దిమ్మ. ఈ బండిలో చక్రం తిరిగే హబ్ బేరింగును ప్రెస్సు మీద పెట్టి దిగ్గొట్టాలి, మైదానంలో కుదిరే పని కాదు. అందుకని ముందే బేరింగు దిగ్గొట్టిన నకిల్ ఒకటి పెట్టెలో ఉండాలన్నాను. ‘అంత అవసరమా అంకుల్?’ అన్నాడు నిజామాబాద్ నుంచి వచ్చిన వాళ్ళ జట్టు కుర్రాడు. స్పేర్ లేకుండా లాంగ్ రూటుకు బండి పంపేది లేదన్నాను.

రేసు హ్యూస్టన్‌కు గంట దూరంలో ఆంగిల్టన్ పక్కన. సుమారు 3.8 కిలోమీటర్ల ట్రాక్, పదిహేడు మలుపులు. డెబ్బై పైచిలుకు బండ్లు. ఒకదానికి నెత్తిన ప్లాస్టిక్ ఆవు, ఇంకొకటి చెప్పు ఆకారం. తిరణాలే అనుకున్నాను. కానీ జెండా ఊపాక నవ్వులాట లేదు. ఎవరైనా ఇంకొకరిని తగిలినా, ట్రాక్ దాటినా నల్ల జెండా చూపిస్తారు. లోపలికి వచ్చి జడ్జీల ముందు నిలబడాలి. అక్కడ పోయే నిమిషాలే జరిమానా. మొదటి గంటలో మా బండిని మూడుసార్లు దాటిపోయిన ఎర్ర కారు మధ్యాహ్నానికల్లా బానెట్ ఎత్తుకుని కూర్చుంది. పెట్రోలు పోసేటప్పుడు ఇంజను ఆపి డ్రైవరు దిగాలి, పోసేవాడు నిప్పంటని దుస్తులు వేసుకోవాలి, పక్కన ఇంకొకడు మంటలార్పే సిలిండరు పట్టుకుని నిలబడాలి. నాకు ఆ సిలిండరు ఉద్యోగం ఇచ్చారు. మైలేజీ లెక్క కట్టడం మాత్రం మానుకోలేకపోయాను: లీటరుకు ఐదు కిలోమీటర్లు. యాభై మందిని ఎక్కించుకుని మా పల్లెవెలుగు కూడా అంతే ఇస్తుంది.

ఆదివారం పదకొండున్నరకు మా అబ్బాయి రేడియోలో ముందు నుంచి ఊళ వినిపిస్తోందన్నాడు. లోపలికి పిలిచాం. జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే టకటకమంది. కాలిన గ్రీజు వాసన. యాక్సిల్ నట్టు, కాలిపర్ బోల్టులు, టై రాడ్ ఎండ్, బాల్ జాయింట్ విప్పి నకిల్ మొత్తం తీసి, పెట్టెలోది ఎక్కించాం. చివరగా నట్టు అంచును చిన్న ఉలితో యాక్సిల్ గాడిలోకి దిగ్గొట్టాలి, లేకపోతే విడిపోతుంది. ఆ రెండు దెబ్బలూ నేనే వేసి, పసుపు గీత గీశాను. నలభై ఏడు నిమిషాలు. నిజామాబాద్ కుర్రాడు ఏమీ అనలేదు, నాకు కుర్చీ తెచ్చి వేశాడు. సాయంత్రం గళ్ళ జెండా పడేసరికి ముప్పై ఒకటో స్థానం. అన్నట్టు, అక్కడ అన్నిటికన్నా పెద్ద బహుమానం మొదట వచ్చిన బండికి కాదు, అన్నిటికన్నా పనికిమాలిన బండితో ఎక్కువ దూరం లాక్కొచ్చిన జట్టుకు. ఆ సంగతి వినగానే ఆర్టీసీలో నా సర్వీసంతా గుర్తొచ్చింది.

ఇప్పుడు మీ వార్తల దగ్గరకు వస్తాను. వాటిలో ఒకదానితో మీరు వేసిన ఫొటోలో నుజ్జయిన కారు ఉంది. అందరూ దాని ముందు భాగం చూసి ఉంటారు. నేను ముందు టైరు చూశాను. గీతలు లేవు, నున్నగా ఉంది. కొత్త సైలెన్సరు మాత్రం మెరుస్తోంది. చప్పుడుకు డబ్బు పెట్టినవాడు టైరుకు పెట్టలేదు. అది ఏ ట్రాక్ తనిఖీలోనూ గేటు దాటదు. హైదరాబాద్‌లోనే 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన కరెంటుతో నడిచే ఫార్ములా ఈ రేసు కార్లు తిరిగాయి. రోడ్డు మూసి, రెండు పక్కలా కాంక్రీటు గోడలు, వాటి మీద కంచె పెట్టాకే తిరిగాయి. దాన్ని రేసు అనండి, అభ్యంతరం లేదు. పాలవాళ్ళూ, ఆసుపత్రి బండ్లూ వెళ్ళే రోడ్డు మీద కుర్రాడు అరిగిన టైరుతో తోలేదానికి ఆ పేరు పెడితే, వాడికి మీరే బిరుదు ఇచ్చినట్టు. వాడు ఆ కాగితం ముక్క ఫోనులో పెట్టుకుని తిప్పుతాడు. ప్రమాదకరమైన డ్రైవింగ్ అని రాయండి, చాలు.

ఈ ఉత్తరం పొడవుగా ఉందని తెలుసు. మీరు కత్తిరించక తప్పదు. కత్తిరిస్తే వాల్వుల సంగతి తీసేయండి గాని, థర్మోస్టాట్ పేరా ఉంచండి. మా డిపోవాళ్ళు మీ పత్రికే చదువుతారు. వాళ్ళలో ఇంకా కొందరు పీకుతూనే ఉన్నారు.

ఇట్లు,
ఆర్టీసీ విశ్రాంత మెకానిక్,
తెనాలి