విద్యుత్ వలయాల పాఠం: నా అనుభవం

అందరికీ నమస్కారం. ఈ వారం టీచింగ్ ప్రాక్టీస్‌లో విద్యుత్ వలయాలు చెప్పాను. మొదటి రోజు స్లైడ్లు వేస్తే పిల్లలు బొమ్మలు దించుకున్నారు, అంతే. రెండో రోజు ఫెట్ (PhET) సిమ్యులేషన్, అంటే కంప్యూటర్ తెర మీద చేసి చూసే ప్రయోగం, పెట్టాను (ఈ సిమ్యులేషన్లు 2002లో కార్ల్ వీమన్ కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టినవి, ఉచితం). తెర మీద వైరు కలిపే ముందే ఏమవుతుందో నోట్సులో రాయించాను. ఒకే వరుసలో ఒకే రకం బల్బులు రెండు పెడితే రెండోది మసకగా వెలుగుతుందని సగం మంది రాశారు. రెండూ ఒకేలా వెలిగేసరికి వెనక బెంచీ అమ్మాయి లేచి, "మేడమ్, కరెంటు మొదటి బల్బులోనే ఖర్చయిపోదా?" అంది. నాకు కావలసిన ప్రశ్న అదే!

తర్వాత నిజం బ్యాటరీ, వైర్లు చేతికిచ్చాను. అది మాత్రం మానకండి, తెర మీద వైరు ఎప్పుడూ వదులవదు కదా. నెట్ పోయినా నడిచేలా ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. మీ తరగతిలో ఏది పనిచేసిందో ఇక్కడ రాయండి.