బడివేళల్లో వివరాల నమోదు ఆపించండి

సంపాదకులకు నమస్కారం.

ప్రభుత్వ పాఠశాలల చదువు గురించి చర్చ వచ్చిన ప్రతిసారీ ఉపాధ్యాయులకు శిక్షణ చాలదనో, శ్రద్ధ తగ్గిందనో మాటలు వినిపిస్తాయి. ఆ విమర్శలో నిజమున్నంత మేరకు మేము దాన్ని స్వీకరించాల్సిందే. కానీ పాఠం చెప్పడానికి రోజులో మాకు ఎంత సమయం మిగులుతోందన్న ప్రశ్న మాత్రం ఆ చర్చల్లోకి దాదాపుగా రాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్న ఉపాధ్యాయినిగా ఆ ప్రశ్నను మీ పత్రిక ద్వారా అధికారుల ముందు, తల్లిదండ్రుల ముందు ఉంచుతున్నాను.

మా బడిలో ఒకటి నుంచి ఐదు వరకు తరగతులున్నాయి. ఇద్దరు ఉండాల్సిన చోట ప్రస్తుతం నేనొక్కదాన్నే ఉన్నాను కనుక ఐదు తరగతులకూ పాఠం చెప్పేది నేనే, ప్రధానోపాధ్యాయురాలి బాధ్యత కూడా నాదే. బడికి రాగానే ఫోన్‌లో ముఖం చూపించి నా హాజరు వేసుకోవాలి, తర్వాత పిల్లల హాజరు వేయాలి, ఆ తర్వాత భోజనం చేసే పిల్లలెందరో, ఎన్ని గుడ్లు, ఎన్ని చిక్కీలు ఖర్చయ్యాయో, రాగిజావ పొడి, బియ్యం నిల్వ ఎంత ఉందో నమోదు చేయాలి. గదిలో సిగ్నల్ అందదు కాబట్టి గేటు దగ్గరకు వెళ్లి నిలబడాలి. ఇదంతా అయ్యేలోపు మండల కార్యాలయం వాట్సాప్ గ్రూపులో ‘గంటలోగా పంపండి’ అంటూ మరో పట్టిక వస్తుంది. ఆలస్యమైతే పంపని బడుల జాబితాలో మా బడి పేరు అదే గ్రూపులో కనిపిస్తుంది.

ఈ పనుల్లో ఒక్కొక్కటి చూస్తే పది నిమిషాలదే కదా అనిపించవచ్చు. ఒకటో తరగతిలో పది నిమిషాలంటే ఏమిటో పాఠం చెప్పేవారికి తెలుస్తుంది. గుణింతాలు నేర్చుకుంటున్న పిల్ల ‘కి’కీ ‘కీ’కీ తేడా పట్టుకోలేక గుడి పెట్టాల్సిన చోట గుడిదీర్ఘం పెడుతుంది. అప్పుడే పక్కన కూర్చుని, తనచేత పైకి పలికించి, చేయి పట్టి రాయిస్తే ఆ తేడా చెవికీ చేతికీ ఒకేసారి అందుతుంది. నేను గేటు దగ్గర నుంచి తిరిగి వచ్చేసరికి పలక నిండా అదే తప్పు ఉంటుంది, రెండో తరగతి పిల్లలు కూడికలు చేసేసి ఖాళీగా కూర్చుని ఉంటారు, ఐదో తరగతి పిల్ల ఒకతె నా బదులు చిన్నవాళ్లను చూసుకుంటూ ఉంటుంది. పిల్లల చదువుల స్థాయిపై ప్రథమ్ సంస్థ ఇంటింటికీ వెళ్లి జరిపే సర్వే ‘అసర్’ 2024 నివేదిక ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రాంతాల ప్రభుత్వ పాఠశాలల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగినవారు 23.4 శాతమే. ఆ మిగిలిన పిల్లలకు కావలసింది పక్కన కూర్చుని చదివించే మనిషి, ఆ మనిషి చేతిలో తగినంత సమయం.

చట్టం ఈ విషయంలో మౌనంగా ఏమీ లేదు. విద్యాహక్కు చట్టం, 2009లోని 27వ సెక్షన్ జనగణన, విపత్తు సహాయ చర్యలు, ఎన్నికల విధులు తప్ప ఇతర విద్యేతర పనులకు ఉపాధ్యాయులను నియోగించరాదని చెబుతోంది. అదే చట్టం షెడ్యూలు ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదిలో కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలని, ఉపాధ్యాయుడి వారపు 45 గంటల పనిలో పాఠం సిద్ధం చేసుకునే సమయం కూడా కలిసి ఉండాలని నిర్దేశించింది. ఓటర్ల జాబితా సవరణ, ఎన్నికల పనుల కోసం బోధన సిబ్బందిని సెలవు రోజుల్లో, బోధన లేని రోజుల్లోనే వాడుకోవాలని సుప్రీంకోర్టు 2007లో స్పష్టం చేసింది. 2020 జాతీయ విద్యావిధానం కూడా బోధనతో నేరుగా సంబంధం లేని పనులను ఉపాధ్యాయులకు అప్పగించరాదనే అంది. రాబోయే 2027 జనగణన విధులు చట్టం అనుమతించినవే, వాటిని మేము చేస్తాం. రోజూ బడివేళల్లో సాగే వివరాల నమోదు ఏ మినహాయింపు కిందికి వస్తుందో మాత్రం ఇంతవరకు ఏ అధికారీ మాకు చెప్పలేదు.

ప్రభుత్వం కొంత చేసిన మాట వాస్తవం. మరుగుదొడ్ల ఫొటోలు తీసి పంపే పని నుంచి 2024లో మమ్మల్ని తప్పించింది. 2025లో వేర్వేరు యాప్‌లను లీప్ పేరుతో ఒక్కటిగా కలిపింది. మొదటిది నిజమైన ఊరట, అందుకు కృతజ్ఞతలు. రెండోదానివల్ల మా ఫోన్లలో యాప్‌ల సంఖ్య తగ్గింది గానీ నింపాల్సిన గడులు తగ్గలేదు. తెలంగాణలోనూ పరిస్థితి ఇంతకంటే మెరుగ్గా లేదు. అక్కడ 2024 నవంబరులో ఇంటింటి సర్వే కోసం ప్రాథమిక పాఠశాలలను ఒంటిపూటకు కుదించారు.

హాజరు పర్యవేక్షణను నేను వ్యతిరేకించడం లేదు. బడికి రాని ఉపాధ్యాయులు ఉన్నమాట నిజమే, పిల్లల భోజనం లెక్క పక్కాగా ఉండాల్సిందే. అయితే ఆ లెక్క రాయడానికి వేరే మనుషులున్నారు. గ్రామ సచివాలయాల్లో సంక్షేమ, విద్యా సహాయకులు ఉన్నారు, మండల వనరుల కేంద్రంలో డేటా ఎంట్రీ సిబ్బంది ఉన్నారు. భోజనం, నిల్వల వివరాలను వారికి అప్పగించవచ్చు. దేశంలోని బడుల, పిల్లల వివరాలు నమోదుచేసే యూడైస్ పోర్టల్‌లో ఒకసారి ఎక్కించిన పిల్లల వివరాలనే జిల్లా కార్యాలయం మరో పట్టికలో, మండల కార్యాలయం ఇంకో పట్టికలో మళ్లీ అడగడం మానుకోవచ్చు. టెలీకాన్ఫరెన్సులు బడి వదిలాక పెట్టుకోవచ్చు.

అన్నింటికంటే నాకు ఎక్కువ బాధ కలిగించేది తనిఖీల తీరు. మా బడికి వచ్చే అధికారులు ముందు రిజిస్టర్లు, ఆ తర్వాత ఫోన్‌లో నమోదు శాతం చూస్తారు. ఒక పిల్లను లేపి నాలుగు వాక్యాలు చదివించి, ఎక్కడ తడబడుతోందో గమనించి, ‘ఈమెకు వత్తుల దగ్గర ఇబ్బంది ఉంది, ఇలా చేసి చూడండమ్మా’ అని సలహా చెప్పే అధికారి అరుదైపోయారు. వారి మీద కూడా పైనుంచి అదే ఒత్తిడి ఉందని నాకు తెలుసు. ప్రధానోపాధ్యాయుల పరిస్థితీ అంతే. తోటి ఉపాధ్యాయుల తరగతిలో కూర్చుని పాఠం విని మాట్లాడాల్సినవారు కంప్యూటరు ముందు నివేదికలు సరిచూసుకుంటూ గడుపుతున్నారు.

బడి నడిచే వేళల్లో ఉపాధ్యాయులను ఎలాంటి వివరాలూ అడగరాదని, తప్పనిసరి హాజరు నమోదు తప్ప మరేదీ తరగతి సమయంలో చేయించరాదని పాఠశాల విద్యాశాఖ లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలని కోరుతున్నాను. వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోగా అన్నిచోట్లా అమలు చేయడం కష్టమనుకుంటే ముందుగా ఏకోపాధ్యాయ పాఠశాలల్లో మొదలుపెట్టాలి. ఉత్తర్వు ప్రతిని పాఠశాల యాజమాన్య కమిటీలకు కూడా పంపితే, అది అమలవుతోందో లేదో అడిగే అధికారం తల్లిదండ్రులకు ఉంటుంది.

— ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని
(ఉద్యోగంలో ఉన్నందున పేరు, ఊరు ప్రచురించవద్దని మనవి)