కిద్దుష్ బల్ల దగ్గర పది నిమిషాలు

ఒరే శీనూ,

మీ ఆవిడ వాళ్ల సినగాగులో (యూదుల ప్రార్థనా మందిరంలో) కొత్తవాళ్లను చూసుకునే కమిటీ పని నెత్తిన వేసుకుందనీ, శనివారం పొద్దున తలుపు దగ్గర డ్యూటీ నీకు పడిందనీ రాశావు. నవ్వుతూ "షబ్బాత్ షలోమ్" అని వాళ్ల శనివారం పలకరింపు చెబితే చాలు కదా అంటావు. చాలదురా.

ముందు తలుపు సంగతి. 2018 అక్టోబరు 27న పిట్స్‌బర్గ్ ట్రీ ఆఫ్ లైఫ్ సినగాగులో 11 మందిని కాల్చి చంపాక, అమెరికాలో చాలా సినగాగుల ముందు గార్డు ఉంటున్నాడు. 2022 జనవరిలో టెక్సస్‌లోని కాలీవిల్‌లో సినగాగు మతగురువు రబ్బీ గారు తలుపు తట్టినవాణ్ని లోపలికి పిలిచి టీ ఇచ్చారు. వాడే తుపాకీ తీసి నలుగురిని బందీలుగా పట్టుకున్నాడు. కాబట్టి గార్డు సంచీ తెరవమంటే విసుక్కోకు. కాకపోతే మొదటిసారి వచ్చినవాళ్ల చెవిన పడే మొదటి మాట ఆ గార్డుది కాకూడదు. నువ్వు వాడికంటే రెండడుగులు ముందు నిలబడు.

మన పెళ్లిళ్లలో చదివింపులు రాసుకున్నట్టు గుమ్మం దగ్గర నోట్‌బుక్కు పెట్టేవు సుమా! షబ్బాత్ నాడు, అంటే యూదుల విశ్రాంతి దినాన, రాయకూడదు, చందా డబ్బు ముట్టుకోకూడదు. పేరు మనసులో పెట్టుకుని, శనివారం చీకటి పడి చుక్కలు వచ్చాక రాసుకో. ఫోను ఆదివారం చేయండి.

తల మీద పెట్టుకునే చిన్న టోపీల, అదే కిప్పాల బుట్ట అందరు మగవాళ్లకీ చూపించు. పక్కనే కొక్కేలకు వేలాడే ప్రార్థనప్పుడు కప్పుకునే తల్లిత్ శాలువా మాత్రం యూదులకే, మర్యాద కదా అని అతిథి భుజాన వేయకు. హీబ్రూ ప్రార్థన పుస్తకం కుడి నుంచి ఎడమకి నడుస్తుంది, కొత్తవాళ్లు వెనక అట్ట నుంచి తెరుస్తారు. అందుకని ఆ సమయానికి నడుస్తున్న పేజీ నువ్వే తీసి చేతిలో పెట్టు. గౌరవమని ముందు వరసలో కూర్చోబెడితే పాపం, ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో చూసి నేర్చుకోవడానికి ఎదురుగా ఎవరూ ఉండరు. వెనక నుంచి మూడో వరస, నడవా పక్కన, ప్రార్థన తెలిసినవాళ్ల సరసన బాగుంటుంది. ప్రార్థనకు ఒక స్థిరమైన చోటు పెట్టుకోవడం మంచిదని యూదుల పాత ధర్మగ్రంథం తాల్ముద్‌లోనే ఉంది. దాంతో పాతకాపులు ఏళ్ల తరబడి ఒకే కుర్చీ పట్టుకుంటారు. "అది నా సీటు" అని ఒక్కరు అన్నారంటే ఆ మనిషి మళ్లీ రాడు. చెల్లెమ్మను ముందే వాళ్లతో మాట్లాడి పెట్టమను.

వచ్చినవాళ్లు యూదులైతే, రెండు మూడు వారాలకు ఏదో ఒక పని చేతికివ్వాలి. యూదుల పవిత్ర గ్రంథం తోరా చదువుకు ముందూ వెనకా దీవెనలు చెప్పే పనిని అలియా అంటారు. దానికి పిలవాలంటే తల్లిదండ్రుల పేర్లతో కలిపి హీబ్రూ పేరు కావాలి. అందరి ముందూ అడిగితే తెలియనివాడు తల దించుకుంటాడు, వారం మధ్యలో కనుక్కోవాలి. దీవెనలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన అట్ట కూడా ముందే పంపాలి.

ఒడ్డూ పొడుగూ చూసి కొత్తవాడికి హగ్బా మాత్రం ఇవ్వొద్దు. తోరా చుట్టను మూడు కాలమ్‌ల వెడల్పు విప్పి, బల్ల అంచు దాకా జరిపి, మోకాళ్లు వంచి, ఆ అంచు ఊతంతో పైకెత్తే పని అది. తోరా చదవడం ముగించి మళ్లీ మొదలుపెట్టే సిమ్‌ఖత్ తోరా పండుగ తర్వాతి వారాల్లో చదవాల్సిందంతా ఎడమ కర్రకే చుట్టి ఉంటుంది కనుక బరువంతా ఆ చేతి మీదే. పడిపోతే నలభై రోజులు ఉపవాసమనే ఆచారం ఉంది! ఎత్తినదాన్ని చుట్టి, పట్టీ కట్టి, తొడుగు తొడిగే గెలీలా అయితే కొత్తవాళ్లకు హాయి. హీబ్రూ ఒక్క ముక్క అక్కర్లేదు. తిరిగి వస్తుంటే ఇరుపక్కలా చేతులు చాచి "యషెర్ కోయఖ్" (మన "భేష్" లాంటిది) అంటారు చూడు, ఆ కరచాలనాల్లోనే మనిషి సగం కలిసిపోతాడు.

నిజంగా మనుషులు జారిపోయేది కిద్దుష్ అనే ఫలహారాల బల్ల దగ్గరే. ప్రార్థన అయిపోగానే అందరూ తమ స్నేహితుల చుట్టూ మూగుతారు. కొత్తమనిషి ఒక చేతిలో చేప ముక్కల ప్లేటు, ఇంకో చేతిలో చిన్న ద్రాక్షరసం కప్పు పట్టుకుని గోడ మీది ఫలకాలు చదువుతూ నిలబడతాడు. కమిటీవాళ్లు మొదటి పది నిమిషాలు తమవాళ్లతో మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకోండి. ఒక్కో అతిథిని కనీసం ఇద్దరికి పరిచయం చేసి అప్పుడు కదలండి. "మీరు యూదులేనా?", "మతం మారారా?" అన్నవి నోట రాకూడదు. మారినవాళ్లకు పాత సంగతి గుర్తు చేయకూడదని తాల్ముద్‌లోనే ఉంది. "ఈ చుట్టుపక్కలే ఉంటున్నారా?" అను, కబురు అదే సాగుతుంది. సభ్యత్వ రుసుము ఊసు ఆ రోజు వద్దు. నీ పులిహోర కూడా వద్దురా, ఇంట్లో వండింది యూదుల ఆహార నియమాలు పాటించే కోషర్ వంటగదిలోకి రానివ్వరు. నీ ఊరు ఎవరైనా అడిగితే, గుంటూరు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిం అనే యూదు సమాజం వాళ్లున్నారని చెప్పు, చుట్టూ మూగుతారు.

ఇక ఆదివారం ఫోను. "మళ్లీ రండి" అంటే ఎవరూ రారు. "గురువారం సాయంత్రం పదిహేను నిమిషాలు రాగలరా? మినియాన్‌కు పదిమంది కావాలి, తొమ్మిదిమందే ఉన్నారు, ఒకాయన వాళ్లమ్మ కోసం కద్దిష్ చెప్పుకోవాలి" అని చెల్లెమ్మను అడగమను. మినియాన్ అంటే సామూహిక ప్రార్థనకు కావాల్సిన ఆ పదిమంది, కద్దిష్ అంటే పోయినవాళ్ల కోసం చెప్పే ప్రార్థన. లెక్కలోకి యూదులే వస్తారు, మీలాంటి కన్సర్వేటివ్ శాఖ సినగాగుల్లో చాలావరకు ఆడవాళ్లనూ లెక్కిస్తారు. సంప్రదాయం గట్టిగా పాటించే ఆర్థడాక్స్ శాఖలో మగవాళ్లే. అయితే ఉన్నమాటే చెప్పాలి సుమా. తీరా వెళ్తే అక్కడ పద్నాలుగుమంది కనిపించారనుకో, రెండోసారి ఫోనెత్తరు.

నీ
రాజా