బోరింగులకు బోర్డులు పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

బస్సుకు బోర్డు, బడికి బోర్డు, దుకాణానికైతే రెండు బోర్డులు. మా ఊరి బోరింగుకు మాత్రం ఏ బోర్డూ లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు తాగొద్దు. అట్లాంటి బోరింగులకు ఒకప్పుడు ఎర్ర రంగు వేసేవాళ్లు. ఇప్పుడా రంగు పెచ్చులూడి, పిడి దగ్గర తుప్పే కనిపిస్తోంది. మిషన్ భగీరథ పథకం మంచినీళ్ల నల్లాలొచ్చాక ఊరివాళ్లు దాన్ని ముట్టరు. పత్తి ఏరడానికొచ్చిన కూలీలకు ఆ సంగతి ఎట్ల తెలుస్తది? వాళ్ల పిల్లలు దోసిళ్లు పట్టి తాగుతుంటే ప్రాణం ఉసూరుమంటోంది. ఈ నీళ్లకు వంకరపోయిన కాళ్లను మా తరం కళ్లారా చూసింది. ‘ఫ్లోరైడ్ నీళ్లు, తాగొద్దు’ అని తెలుగులో, హిందీలో పెద్దక్షరాలతో బోర్డు రాయించాలి, ఈసారి పత్తి ఏరుడు మొదలయ్యేలోపే.

– విశ్రాంత ఉపాధ్యాయుడు, మర్రిగూడ మండలం, నల్లగొండ జిల్లా