పీపా పక్కన లీటర్లు రాయండి

సంపాదకులకు నమస్కారాలు.

ముడిచమురు ధర వార్త వచ్చినప్పుడల్లా మీ పత్రికలో ‘పీపాకు ఇన్ని డాలర్లు’ అని వేస్తున్నారు గాని, ఆ పీపాలో ఎన్ని లీటర్లు పడతాయో రాయడం లేదు. మా పర్లాకిమిడిలో పీపా అంటే రేషను కిరోసిన్ వచ్చే రెండు వందల లీటర్ల ఇనప డ్రమ్ము. మనవడు అడిగితే నేనూ ఆ లెక్కే చెప్పాను. అది తప్పు; చమురు పీపా 42 అమెరికా గ్యాలన్లు, అంటే సుమారు 159 లీటర్లు.

ఈ చిక్కు ఇంగ్లండు పాత కొలతలతో వచ్చింది. అక్కడ సరుకును బట్టి గ్యాలనే మారేది: వైన్ గ్యాలన్ 231 ఘనపు అంగుళాలైతే, ఏల్ అనే బీరు గ్యాలన్ 282. హాగ్స్‌హెడ్ అనే పీపాలో బీరైతే 54 గ్యాలన్లు, వైనైతే 63. వైన్‌కు ఆ పైన 126 గ్యాలన్ల పైప్, 252 గ్యాలన్ల టన్ ఉండేవి. మన ‘పీపా’ పోర్చుగీసు నుంచి వచ్చిన మాట, ఆ ‘పైప్’కు చుట్టమే. పది పౌండ్ల బరువు నీరు పట్టే ఇంపీరియల్ గ్యాలన్‌ను, అంటే సుమారు 4.546 లీటర్లను, 1824లో బ్రిటిషు పార్లమెంటు అన్నిటికీ ఒకటిగా ఖాయం చేసింది గాని, అప్పటికే వేరుపడిన అమెరికా పాత వైన్ గ్యాలన్‌నే, సుమారు 3.785 లీటర్లదాన్ని, ఉంచుకుంది. నేటికీ బ్రిటన్ బీరు బ్యారెల్ 36 గ్యాలన్లు, సుమారు 164 లీటర్లు కాగా, అమెరికా బీరు బ్యారెల్ 31 గ్యాలన్లు, సుమారు 117 లీటర్లే.

రెండు భాషల మధ్య బతికే మాకు ఇది కొత్త సంగతి కాదు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని మేము వల్లెవేశాం. 9 గ్యాలన్ల ఫిర్కిన్ రెండైతే కిల్డర్కిన్, అవి రెండైతే బ్యారెల్ అన్న బీరు లెక్కా అలాగే రెట్టింపవుతుంది. మా అమ్మ బియ్యం కొలిచిన ఇత్తడి మానిక అంచు అరిగి ఇంకా మా ఇంట్లో ఉంది. పక్కింటి ఒడియావారు మార్గశిర గురువారాల్లో కొత్త వడ్లు నింపి లక్ష్మీదేవిగా కొలిచే పాత్ర పేరు ‘మాణ’. పేరు కలిసిందని రెండింటిలోనూ ఒకే కొలత పడుతుందని నేను ఎవరికీ చెప్పను.

కాబట్టి పీపా, బ్యారెల్, గ్యాలన్ అని వేసిన ప్రతిచోటా పక్కనే లీటర్లు ఇవ్వవలసిందిగా, గ్యాలన్ అయితే అది బ్రిటన్‌దో అమెరికాదో కూడా తెలుపవలసిందిగా కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా