నాన్నగారికి, వైఫై డబ్బా గురించి

డబ్లిన్
ఆదివారం రాత్రి

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ మేమందరం క్షేమం. మీ మోకాలి నొప్పి సంగతి పిన్ని చెప్పింది, మీరు మాత్రం చెప్పలేదు. ఫోన్లో రోజూ మాట్లాడుకుంటూనే ఈ ఉత్తరం ఏమిటి అనుకోకండి. మొన్న వీడియో కాల్లో పాస్‌వర్డ్ ఎలా మార్చాలో నేను చెబుతుంటే మీరు సేవ్ నొక్కారు, నొక్కగానే మీ ముఖం నోరు తెరిచినట్టే ఆగిపోయింది, కాల్ పోయింది. పోక ఏమవుతుంది, మనం మాట్లాడుతున్నదే ఆ వైఫై మీద, కూర్చున్న కొమ్మ నరుక్కున్నట్టు. అందుకే కాగితం మీదకి వచ్చాను. పిన్ని కూతురు అంబాజీపేటలో జిరాక్స్ షాపుకి వెళ్లినప్పుడు పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించి ఇస్తానంది.

ముందు తప్పు నాదే అని ఒప్పుకుంటున్నాను. పాస్‌వర్డ్‌లు రెండు ఉంటాయని మీకు చెప్పనే లేదు. ఒకటి ఫోన్లకీ టీవీకీ ఇచ్చే వైఫై పాస్‌వర్డ్, అది వీధి గేటు తాళం. రెండోది డబ్బా లోపలి సెట్టింగుల్లోకి వెళ్లడానికి, అది బీరువా తాళం. మీరు ఆ రోజు రెండూ మార్చేశారు, రెండోది ఏం పెట్టారో ఇప్పుడు గుర్తు లేదు. అంతే జరిగింది, డబ్బా పాడవలేదు. కొత్తది కొనమని ఎవరు చెప్పినా కొనకండి.

ముందుగా లైట్లు చూడండి. ఎల్‌ఓఎస్ అనే దగ్గర ఎర్ర లైటు కొట్టుకుంటుంటే అసలు బయటి నుంచి వైరులో ఏమీ రావడం లేదని అర్థం. మన వైరు కొబ్బరిచెట్ల మధ్య నుంచే వస్తుంది కాబట్టి ఏ మట్టో రాలి తెగి ఉంటుంది. దానికి మీరు సెట్టింగుల్లో ఎంత వెతికినా లాభం లేదు, కేబుల్ అబ్బాయిని పిలవడమే. ఆ ఎర్ర లైటు లేకపోతేనే మిగతాది చదవండి.

ఇప్పుడు లోపలికి వెళ్లడం. ఫోన్ వైఫైకి కలిసి ఉండాలి, మొబైల్ డేటా ఆపేయాలి. ఎందుకంటే గన్నవరంలో కాలువని ఏరు దాటించే వంతెన, ఆ అక్విడక్టు దగ్గర కింద వైనతేయ నది పారుతుంటుంది, పైన కాలువ పారుతుంటుంది, రెండూ నీళ్లే, ఒకదానికొకటి కలవవు కదా. ఫోన్లో కూడా అంతే, సిమ్ము దారి వేరు, వైఫై దారి వేరు. మన డబ్బా కాలువ మీద ఉంది, ఫోనేమో ఏటిలో వెతుకుతుంది, కనపడక ఎర్రర్ చూపిస్తుంది. ‘ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదు, వదిలేయమంటావా’ అని ఫోన్ అడిగినా వదలొద్దనే నొక్కండి. డబ్బా లోపలి పేజీకి ఇంటర్నెట్ అక్కర్లేదు, ఫోనూ డబ్బా మాట్లాడుకుంటే చాలు.

తర్వాత బ్రౌజర్లో పైన 192.168.1.1 కొట్టండి. రాకపోతే 192.168.0.1. రెండూ కాకపోతే ఫోన్లో వైఫై సెట్టింగుల్లో మన వైఫై పేరు నొక్కితే గేట్‌వే అని ఒక నంబరు ఉంటుంది, అదే అసలు అడ్రసు. నంబరు మధ్యలో ఖాళీ వదిలినా, చుక్క ఒకటి పోయినా అది చాలాసార్లు గూగుల్లోకి వెళ్లి వెతకడం మొదలెడుతుంది, మొన్న మీకు ఎవరెవరివో ప్రకటనలు వచ్చింది అందుకే. నేనే ఇక్కడి నుంచి తెరిచి సరిచేయకూడదా అని అమ్మ అడిగింది. కుదరదమ్మా. ఇక్కడ మా ఇంట్లో డబ్బాది కూడా 192.168.1.1 నంబరే. ఇళ్ల లోపల ఎవరైనా వాడుకోవచ్చని వదిలేసిన నంబర్లు ఇవి, 1996 నాటి రూలు. ప్రతి ఊళ్లోనూ రామాలయం వీధి ఉన్నట్టు, ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి వీధికే వెళ్తాం.

‘ఈ సైటు సురక్షితం కాదు’ అని వచ్చినా మన డబ్బాయే కాబట్టి ముందుకు వెళ్లొచ్చు. బ్యాంకు పేజీకి అలా వస్తే మాత్రం వెంటనే మూసేయండి, ఇది వేరు, అది వేరు.

పేజీ వచ్చాక పేరూ పాస్‌వర్డూ అడుగుతుంది. మీరు పెట్టుకునే అలవాటున్నవి రెండు మూడు కొట్టి చూడండి. ఒక సంగతి గమనించండి: ఫోన్ కీబోర్డు మొదటి అక్షరాన్ని తనంతట తానే పెద్దది చేసేస్తుంది. అడ్మిన్ అని చిన్న అక్షరాలతో ఉండాల్సింది పెద్ద ఏ తో పడుతుంది, చివర ఒక ఖాళీ కూడా తగిలిస్తుంది, మనకి కనపడదు. పాస్‌వర్డ్ పక్కన కన్ను బొమ్మ ఉంటే నొక్కండి, ఏం పడిందో చూపిస్తుంది. వరసగా తప్పులు కొడితే కొన్ని డబ్బాలు కాసేపు తలుపు మూసేస్తాయి, అప్పుడు వెళ్లి కాఫీ తాగి రండి, తిట్టుకోకండి.

ఏదీ పనిచేయకపోతే ఆఖరికి రీసెట్. డబ్బా వెనక గుండుసూది పట్టేంత కన్నం ఉంటుంది, కరెంటు ఉండగా సూదితో పది సెకన్లు నొక్కి పట్టుకుంటే లైట్లన్నీ ఆరి మళ్లీ వెలుగుతాయి. అంతకుముందు కేబుల్ అబ్బాయికి ఫోన్ చేసి మన కనెక్షన్ యూజర్ పేరూ పాస్‌వర్డూ అడిగి రాసుకోండి, ఇవి ఆ రెండు తాళాలూ కావు, వేరే. ఇది మర్చిపోవద్దు. రీసెట్ చేస్తే అవి కూడా చెరిగిపోవచ్చు, కొన్నిటికి మళ్లీ వాటంతట అవే వచ్చేస్తాయి, కొన్నిటికి రావు. నేను ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాది నలుగురం కలిసుండే అద్దె ఇంట్లో తెలివిగా సూది పెట్టి నొక్కాను. రెండు రోజులు ఇంట్లో నెట్ లేదు, అందులో ఒకమ్మాయికి ఆన్‌లైన్ పరీక్ష, ఆ పిల్ల బస్సెక్కి లైబ్రరీకి వెళ్లి రాసింది, వారం రోజులు నాతో మాట్లాడలేదు.

రీసెట్ అయ్యాక వైఫైకైనా, లోపలి పేజీకైనా పేరూ పాస్‌వర్డూ డబ్బా అడుగున చీటీ మీద ఉన్నవే పనిచేస్తాయి. దానికోసం మీరు స్టూలెక్కవద్దు. అత్తయ్యగారి మనవణ్ణి పిలిచి ఫోటో తీయించండి, ఫోటో పెద్దది చేసి చూస్తే సున్నాకీ ఓ కీ, ఒకటికీ చిన్న ఎల్ కీ తేడా తెలుస్తుంది.

లోపలికి వెళ్లగానే బీరువా తాళం కొత్తది పెట్టండి. వైఫైకి మాత్రం పాత పేరూ పాత పాస్‌వర్డే అక్షరం పొల్లుపోకుండా పెట్టండి, అప్పుడు టీవీ, అమ్మ ఫోను, పెరట్లో కెమెరా అన్నీ వాటంతట అవే వచ్చి తగులుకుంటాయి, ఒక్కోదాన్నీ పట్టుకుని కూర్చోనక్కర్లేదు. మరి అరుగు మీద చేరి క్రికెట్ చూసే పిల్లలూ తగులుకుంటారు, వాళ్ల కోసమే కదా మార్చింది అంటారు. తెలుసు. కానీ నాన్నగారూ, వాళ్లని ఉండనివ్వండి. సాయంత్రం పూట అరుగు మీద నలుగురు పిల్లలు ఉన్నారంటే ఇక్కడ నాకు టెన్షన్ తగ్గుతుంది. మొన్న మీ కాలు మడతపడిన రోజు ఆటో పిలిచింది వాళ్లే కదా. మరీ నెట్ నెమ్మదిస్తే గెస్ట్ అని వేరే వైఫై పెట్టుకునే వీలు కొన్ని డబ్బాల్లో ఉంటుంది, ఉంటే అది నేను తర్వాత చెబుతాను.

కొత్త పాస్‌వర్డ్ ఎక్కడ రాయాలో మీకు నేను చెప్పాలా, ముప్పై ఏళ్లు కాలువ లాకుల దగ్గర నీటిమట్టం చూసి గేజీ రిజిస్టరు రాసిన మనిషికి. తేదీ వేసి, చిన్న అక్షరమో పెద్ద అక్షరమో పక్కన రాసి, పంచాంగం చివరి పేజీలో పెట్టండి. ఫోటో నాకు ఒక్కదానికే పంపండి. ఫ్యామిలీ గ్రూపులో పెట్టకండి, పోయినసారి కరెంటు బిల్లుతో పాటు ఆధార్ కూడా పెట్టేశారు.

కెమెరా వచ్చాక కొంచెం ఎడమకి తిప్పమనండి, గోడ తప్ప ఏమీ కనిపించడం లేదు. కొబ్బరికాయల దింపు ఎప్పుడో ముందే చెప్పండి, ఆ రోజు సెలవు పెట్టి చూస్తాను.

మీ పెద్దమ్మాయి