అమ్ముకోలేని పట్టా మాకివ్వండి

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర రెవెన్యూ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మేము నల్లగొండ జిల్లా దేవరకొండ డివిజన్‌లో తత్వాలు పాడుకునే కుటుంబాల వాళ్ళం. మా పెద్దలు అచలం అనే ఆధ్యాత్మిక సంప్రదాయపు గురువుల దగ్గర ఉపదేశం తీసుకున్నారు. ఏడాదికోసారి ఆరాధనకు కలిసి, తెల్లారి ఎవరి దారిన వాళ్ళు పోయే బదులు, ఒక్కచోట ఇళ్ళు కట్టుకుని, కలిసి సాగు చేసుకుని, మా గింజలు మేమే పండించుకుని బతకాలనుకున్నాం. తలా కొంత వేసుకుని ఎర్ర చెలక కొన్నాం. హుండీ పెట్టొద్దని, చందా పుస్తకం కొట్టించొద్దని మొదట్లోనే అనుకున్నాం. మిమ్మల్ని కూడా పైసలు అడగడం లేదు. మా భూమిని మాలో ఎవరూ విడిగా అమ్ముకోకుండా చట్టంలో ఒక దారి చూపించమని అడుగుతున్నాం.

ఇవాళ ఆ చెలక పట్టా ముక్కలు ముక్కలుగా, కుటుంబానికొక పాస్‌బుక్‌గా ఉంది. గెట్లు తీసేసి ఒకే చేనుగా దున్నుతున్నాం కానీ కాగితం మీద గెట్లు అట్లాగే ఉన్నాయి. ఇటు సాగర్ రోడ్డు, అటు శ్రీశైలం రోడ్డు. పైగా చౌటుప్పల్, ఆమన్‌గల్ మీదుగా రీజినల్ రింగ్ రోడ్డు వస్తుందంటున్నారు. రేపు మాలో ఒకరి కొడుక్కి అవసరం పడి తన ముక్క వెంచర్ వాళ్ళకు రాసిస్తే నడిమిట్ల ప్లాట్ల రాళ్ళు పడతాయి. మాలో పెద్దవాళ్ళకు రాత్రిళ్ళు నిద్ర పట్టనిది ఈ టెన్షన్‌తోనే. ట్రస్టు పేరున రాయించమని కొందరు సలహా ఇచ్చారు. అప్పుడు హక్కంతా నలుగురు ట్రస్టీల చేతికి పోతుంది, పొద్దంతా చేనులో వంగి పనిచేసే మనిషికి మాట ఉండదు. ఆధ్యాత్మికం పేరు చెప్పి మళ్ళీ ఒక దొరను తయారు చేసుకోవడం మాకు ఇష్టం లేదు.

మా కష్టం ఎట్లాంటిదో మీకు తెలియాలి. ఇక్కడ బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. నల్లగొండ ఫ్లోరైడ్ గురించి మీకు మేము కొత్తగా చెప్పేదేమీ లేదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగకూడదన్న నీళ్ళను మా ముందు తరం ఎముకలు వంగిపోయేదాకా తాగింది. అందుకే బోర్ల మీద కాకుండా వాన మీద ఆధారపడాలనుకున్నాం. ఏడాదికి 600 మిల్లీమీటర్లు పడ్డా ఎకరం మీద 24 లక్షల లీటర్లు కురిసినట్టు. దాన్ని నిలబెట్టడానికి వాలుకు అడ్డంగా కందకాలు తవ్వి, చేనులో ఏరిన రాళ్ళతోనే కట్టలు పోశాం. మొదటి పెద్ద వానకు కింది కట్ట తెగింది. తెగినచోట చూస్తే మోకాలి లోతు ఒండ్రు ఆగి ఉంది, ఆ ఏడు కంది అక్కడే బాగా కాసింది. ఇప్పుడు జొన్న, కంది, ఉలవ మా తిండికి సరిపోతున్నాయి. బట్టకు, మందులకు, పిల్లల ఫీజులకు ఇంకా బయట కూలికి పోతున్నాం. నూనె గానుగ పెడితే ఆ లోటు కొంత తీరుతుంది. కానీ ఉమ్మడి పత్రం లేనిదే బ్యాంకువాళ్ళు మాట వినడం లేదు.

అయ్యా, మేము అడిగేది కొత్తదేమీ కాదు. 1951 ఏప్రిల్ 18న అప్పటి మన నల్లగొండ జిల్లాలోని పోచంపల్లిలో దళిత కుటుంబాలు వినోబా భావేను 80 ఎకరాలు అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు ఇచ్చారు. అట్లా మొదలైన భూదాన ఉద్యమం నుంచే గ్రామదానం వచ్చింది. అంటే యాజమాన్యం ఊరుమ్మడిది, సాగు ఎవరిది వాళ్ళది. దాని కోసం 1965లో భూదాన, గ్రామదాన చట్టం కూడా చేశారు. పుదుచ్చేరి పక్కన 1968లో మొదలైన ఆరోవిల్ అనే ఉమ్మడి ఊరు కూడా ఒకప్పుడు మా చెలకలాంటి ఎర్ర బీడే. కట్టలు పోసి, చెట్లు పెంచి దాన్ని అడవి చేశారు. అక్కడ ఉండేవాళ్ళకు ఇంటి మీద సొంత హక్కు ఉండదు, ఆరోవిల్ కోసం పార్లమెంటు 1988లో ప్రత్యేక చట్టమే చేసింది. ఒకప్పటి పాలమూరు జిల్లాలోని కాన్హా శాంతివనం అనే ధ్యాన కేంద్రం కూడా బీడు నుంచి పచ్చబడిందే. పెద్ద సంస్థలకు దాతలు, లాయర్లు ఉంటారు. మాలాంటి చిన్నవాళ్ళకు చట్టం ఒక్కటే ఆధారం.

ఆశ్రమం అనగానే ఆఫీసుల్లో అనుమానంగా చూస్తారు. ఆ అనుమానం న్యాయమైనదే, భూదాన భూములు ఎన్ని పరుల పాలయ్యాయో మీ రికార్డులే చెబుతాయి. అందుకని షరతులు మేమే చెబుతున్నాం. ఉమ్మడి భూమిని బయటివాళ్ళకు అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు. అప్పు కావాలంటే పంట మీద, గానుగ మీద తీసుకోవాలి. విడిపోయేవాళ్ళకు పెట్టిన సొమ్ము తిరిగివ్వాలి, భూమి ముక్క కాకూడదు. ఏటా లెక్కలు గ్రామసభలో చదవాలి. భూమిలేని కుటుంబాలకు, ముఖ్యంగా దళితులకు, చోటు ఇవ్వనిదే గుర్తింపు ఇవ్వకూడదు. చింతపల్లి గడ్డ మీద పుట్టిన దళిత తత్వకవి దున్న ఇద్దాసు తత్వాలు పాడుతూ, ఆయన కులంవాళ్ళకు పొలంలో చోటు లేదంటే మా పాటకు అర్థమే లేదు.

గ్రామదాన పద్ధతి మాలాంటి చిన్న సమూహాలకు కూడా వర్తించేలా నిబంధనలు ఇవ్వండి. రాష్ట్ర భూముల లెక్కలుండే భూభారతి రికార్డులో ఉమ్మడి పట్టాకు, అమ్మకం నిషేధానికి ఒక కాలమ్ పెట్టండి. సొంత చేనులో కట్టుకున్న ఇళ్ళను, ధ్యానమందిరాన్ని వెంచర్ లేఅవుట్ కింద జమకట్టకుండా సాగు భూమిని వేరే వాడకానికి మార్చే నాలా నిబంధనల్లో కొంత విస్తీర్ణం వరకు మినహాయింపు ఇవ్వండి. ముసాయిదా తయారయ్యే ముందు దేవరకొండ ఆర్డీఓ ఆఫీసులో ఒకసారి విచారణ పెట్టిస్తే, మా పాస్‌బుక్కులన్నీ తీసుకుని అందరం వస్తాం.

భవదీయులు,
దేవరకొండ డివిజన్ తత్వ భజన కుటుంబాల తరఫున